తలుపు పక్క కుర్చీ

చిన్నా,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, మీ బావా, చిట్టీ, నేనూ క్షేమంగా ఉన్నాం. నువ్వూ క్షేమంగా ఉన్నావని నీ ఉత్తరంలో రెండుసార్లు రాశావు, మొదటి వాక్యంలో ఒకసారి, చివరి వాక్యంలో మరోసారి. ఒక్కసారే రాసి ఉంటే నమ్మేదాన్ని. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వడిగినవాటికి జవాబులు.

అమ్మకి కొత్త కళ్ళజోడు కుదిరిందా అన్నావు. కుదిరింది. కాస్త ఎక్కువే కుదిరింది. ఇప్పుడు నేను కూరలో ఎంత నూనె పోస్తున్నానో గుమ్మం దగ్గర్నుంచే కనబడుతోందట. చిట్టికి నువ్వు పంపిన రంగు పెన్సిళ్ళు అందాయి. కాగితం మీద వెయ్యమంటే గోడ మీద వేసింది. అది నీ బొమ్మేనట. బొమ్మలో నువ్వు తలుపు కంటే పొడుగున్నావు, చేతికి ఆరు వేళ్ళున్నాయి. చెరిపేస్తానంటే మీ బావ ఒప్పుకోలేదు. "ఉండనీ, వాడొచ్చి వేళ్ళు లెక్కపెట్టుకున్నాక చెరుపుదాం," అన్నారు. నీ బొమ్మ కిందే కూర్చుని ఇది రాస్తున్నాను.

మీ గదిలో ఉండే మిగతా ముగ్గురూ, పాటలు వినడానికి మీ అక్కకి ఎవరైనా జీతమిస్తారా అని నిన్ను ఆటపట్టిస్తున్నారని రాశావు. వాళ్ళకి చదివి వినిపించు. పాట మా రికార్డుల ఫ్యాక్టరీకి టేపులో వస్తుంది. మా కోత మాస్టరు దాన్ని మెత్తటి నల్ల పళ్ళెం మీద గాడిగా చెక్కుతారు. ఆ గాడికి లోహంతో అచ్చు తీస్తారు. రెండు అచ్చుల మధ్య వేడి ముద్ద పెట్టి ప్రెస్సు నొక్కితే రికార్డు అవుతుంది. మొదట దిగిన కాపీలు నా గదికి వస్తాయి. గోడలకి మెత్తలు కుట్టిన చిన్న గది, కిర్రుమనని కుర్చీ ఒకటి, హెడ్‌ఫోన్లు, పెన్సిలు. చేతి గడియారం కూడా బయటే వదిలి వెళ్ళాలి. టిక్కుమన్న చోటా, బుర్రుమన్న చోటా కార్డు మీద గుర్తు పెడతాను. నేను సరేనంటే ప్రెస్సు నడుస్తుంది, లేదంటే ఆగుతుంది. ఈ పనిలో చేరిన కొత్తలో పాట వింటూ కూర్చునేదాన్ని. కోత మాస్టరు నవ్వి, "పాట అందరూ వింటారమ్మా, నువ్వు ఖాళీలు విను," అన్నారు. నిజమే. తప్పులు పాటలో దాక్కుంటాయి, పాటకీ పాటకీ మధ్య ఖాళీలో బయటపడతాయి. అప్పట్నుంచీ నా పని ఖాళీలు వినడం.

ఇక మీరు నలుగురూ ఆదివారాలు కూర్చుని వినడానికి ఈమధ్య వచ్చిన బ్లూస్‌లో, అదే ఆ దిగులు పాటల్లో, ఏవి కొనాలో చెప్పమన్నావు కదా. పేపర్లో రాసేవాళ్ళ మాట వద్దు, అక్క మాటే కావాలన్నావు. పొగడ్తకి పడిపోయేదాన్ని కాను గానీ, చెప్తాను.

మొదటిది 'తడి చెప్పులు'. పాడినామె లాండ్రీ నడుపుతుంది. దుకాణం మూసేశాక అదే గదిలో, బట్టల మూటల మధ్య కూర్చుని పాడింది. గది నిండా బట్టలు కదా, గొంతు ఎక్కడా గోడకి తగిలి తిరిగి రాదు, సరాసరి నీ పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. తాళం వెయ్యడానికి డోలు లేదు. ఇస్త్రీపెట్టె బల్ల మీద దించిన చప్పుడే తాళం. కాపీ మొదటిసారి విన్నప్పుడు ఆ దెబ్బల్ని తప్పులనుకుని కార్డంతా గుర్తులతో నింపేశాను. కోత మాస్టరు చూసి, "ఇంత కష్టపడి ఆవిడ ఇస్త్రీ చేస్తుంటే మడతలు పెడతావేం," అన్నారు. ఆవిడ ఎక్కడా ఏడవదు. ఇల్లు వదిలి వెళ్ళిపోయిన మనిషి చొక్కా ఇంకా తన దుకాణంలోనే ఉందని, దాన్ని ఇస్త్రీ చెయ్యాలా వద్దా అని, పాటంతా అదే. చివరికి చేస్తుంది. అది తప్పకుండా కొనండి.

రెండోది 'చివరి సీటు'. వాయించినాయన బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. మౌతార్గాన్ తప్ప ఇంకేమీ ఉండదు రికార్డులో. ఊదేది సగం, పీల్చేది సగం అని నువ్వే నాకు నేర్పావు కదా, చిన్నప్పుడు మేడమెట్ల మీద కూర్చుని. ఈయన పీల్చే స్వరాల్లో ఉంది మహత్తు. బస్సు గేరు మార్చినట్టు ఒక స్వరం మీదనుంచి ఇంకో స్వరం మీదకి మూలుగుతూ ఎక్కుతాడు. చిట్టి విని, "మామయ్య కూడా ఇలా వాయిస్తాడు కదా," అంది. వాయిస్తాడన్నాను. నీ మౌతార్గాన్ గదిలో కుర్రాడికి ఇచ్చేశానని పోయిన ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. ఎందుకిచ్చావో రాయలేదు. దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాడివి. చిట్టి ముట్టుకుంటే మొహం మాడ్చుకునేవాడివి. అప్పుడు నేనూ ఏమీ అనుకోలేదు. పెద్దవాడయ్యాడు, సరదా తీరింది అనుకున్నాను.

మూడోది కొనొద్దని చెప్పడానికి రాస్తున్నాను. 'నా కన్నీటి గది' అని ఒకటి వచ్చింది. మీ పట్టణంలో కూడా గోడలన్నీ అది పాడినవాడి బొమ్మలే అయి ఉంటాయి. కుర్రవాడికి గొంతుంది, గిటారూ వచ్చు. కానీ అద్దం ముందు నిలబడి ఏడవడం నేర్చుకున్నట్టు పాడతాడు. నోరు తెరిస్తే చాలు, ప్రాణం పోతోందంటాడు. ప్రాణం పోయేవాళ్ళు ఆ మాట అనరు. ఆ సంగతి మన ఇంట్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నాలుగోది ఏమిటో నీకు తెలుసు. నిజం చెప్పాలంటే దాని గురించి రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రాయలేక లాండ్రీ చుట్టూ, బస్సు చుట్టూ తిరిగి వచ్చాను.

మీ పట్టణంలో సైకిళ్ళ కొట్టు మీద గదిలో వారం వారం గిటారు వాయించే తాపీ మేస్త్రి గురించి నువ్వు రాస్తూనే ఉన్నావు. ఆయన రికార్డు వేయిస్తానంటే, "మా అక్క పనిచేసే ఫ్యాక్టరీకి పంపండి, ఈగ వాలినా పట్టుకుంటుంది," అని చెప్పింది నువ్వే. ఆ గదిలోనే, జనం ముందు వాయించి టేపు చేసి పంపాడు. దానికి 'తలుపు పక్క కుర్చీ' అని పేరు పెట్టాడు. నువ్వేమో పందెం కట్టావు. "ఆ రోజు నేనూ ఉన్నానక్కా. ఆ చప్పట్లలో నావి ఏవో పట్టుకో చూద్దాం. పట్టుకుంటే నీ చెవులకి దండం పెడతాను," అని రాశావు.

కాపీ నా గదికి వచ్చిన రోజు పండగలా ఉంది నాకు. ముందు మేస్త్రి సంగతి చెప్తాను, ఎందుకంటే ఆయన గొప్పవాడు. గోడ కట్టినట్టే వాయిస్తాడు. ఒక స్వరం పెట్టి, సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుని, అప్పుడు రెండోది పెడతాడు. గొంతు బొంగురు. పాటలో మాటలు తక్కువ. ఎవరికో ఇల్లు కట్టి తాళంచెవి ఇచ్చేసి బయటికి వచ్చాక తన చెప్పుల మీద సున్నం చూసుకోవడం గురించి ఒక పాట ఉంది. ఈ ఏడాది మా ప్రెస్సు మీంచి దిగినవాటిలో అంత మంచి పాట లేదు. మొదటివైపు ప్రతి పాట చివరా చప్పట్లలో నిన్ను వెతికాను. నీ చప్పట్లు నాకు తెలుసు. అందరూ కొట్టాక, ఒక్క క్షణం ఆలస్యంగా మొదలుపెట్టి అందరూ ఆపాక ఆపుతావు. చిన్నప్పుడు సినిమా హాల్లో నీ వల్ల ఎంత తలవంపులో. అలాంటివి ఎక్కడా దొరకలేదు. రెండోవైపు వేశాను.

రెండోవైపు ఒక నిదానం పాట ఉంది. చివరి చరణానికి ముందు మేస్త్రి ఒక్క తీగ మీటి వదిలేస్తాడు. అది మోగి మోగి ఆరిపోయేదాకా పాడడు. గదిలో అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారని వింటుంటేనే తెలుస్తుంది. ఆ ఖాళీలో, చాలా వెనకనుంచి, ఒక దగ్గు.

చిన్నా, మనం నాన్న దగ్గు వింటూ పెరిగాం. గోడకి అటు ఆయన, ఇటు మనిద్దరం. రెండు పొట్టి దగ్గులు. తర్వాత జల్లెడలోంచి ఇసుక జారినట్టు ఒక ఊపిరి. తర్వాత తువ్వాలులోకి ఇంకొకటి. అది అయ్యాక, మనం లేచామేమోనని, మెల్లగా, "ఏం లేదు, ఏం లేదు" అనేవారు. నువ్వు నిద్రలోనే "ఊఁ" అనేవాడివి.

రికార్డులో అదే ఉంది. రెండు పొట్టివి, ఆ ఊపిరి, గుడ్డలోకి ఒకటి. తర్వాత పక్కవాళ్ళెవరో తిరిగి చూసి ఉంటారు, నీ గొంతు, ఎంతో నెమ్మదిగా, "ఏం లేదు, ఏం లేదు."

ముల్లు ఎత్తి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే. కార్డు మీద 'చప్పుడు, రెండోవైపు' అని రాసి ప్రెస్సు ఆపించాను. ఇన్నేళ్ళలో మొదటిసారి మా మిషన్‌లోనే తప్పుండాలని కోరుకున్నాను. అచ్చులో దుమ్ము ఇరుక్కుందనో, ముద్దలో వెంట్రుక పడిందనో. అచ్చు తుడిచి ఇంకో కాపీ దించారు. మిషన్ తప్పయితే రెండో కాపీలో ఉండకూడదు. ఉంది. కోత మాస్టరు వచ్చి విన్నారు. "ఇది మనది కాదమ్మా, టేపులోదే. జనంలో ఎవరో దగ్గారు. బాగానే ఉంది, పాటకి గది వచ్చింది, జనం మధ్య కూర్చుని విన్నట్టుంది," అన్నారు. ఆయనకేం తెలుసు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఇంకోసారి వింటానని చెప్పి, సరేనని రాయకుండా ఆపేశాను. మేస్త్రికి రికార్డు ఆలస్యమవడానికి కారణం నేను. ఆయన నీతో ఏమైనా అని ఉంటే ఆ మాట నా మీదే వేసుకుంటాను.

అప్పట్నుంచి నాకు భయంగా ఉంది చిన్నా. ఇంకో మాటతో చెప్పడం నాకు రాదు. ప్రెస్సు ఆవిరి వదిలినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. బస్సులో ఎవరు దగ్గినా తల తిప్పి చూస్తున్నాను. చిట్టికి జలుబు చేస్తే దాని వీపు మీద చెవి పెట్టి కూర్చున్నాను, అది చక్కిలిగిలి అని నవ్వుతూనే ఉంది. ఏ రికార్డులో ఖాళీ వచ్చినా నా ఊపిరి ఆగిపోతోంది. ఖాళీలు వినడమే నా పని, ఖాళీ అంటేనే భయం పట్టుకుంది. మీ బావ అడిగితే ముందు ఏమీ లేదన్నాను. అన్నాక నా మాట నాకే వినబడి, కూర్చోబెట్టి అంతా చెప్పేశాను.

అయినా ఒక ఆశ ఉండేది. నువ్వు నాన్నలాగే చేరిన రాళ్ళు కోసే షెడ్డులోంచి స్టోర్సుకి మారి ఏడాది దాటింది కదా, దుమ్ము లేదు కదా, జలుబేమో, చలిగాలేమో అనుకున్నాను. ఆ ఆశతోనే ఉండగా మేస్త్రి వచ్చాడు.

రికార్డు ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి ఆయనే బస్సెక్కి వచ్చాడు. గోళ్ళ సందుల్లో సిమెంటు, చేతిలో గుడ్డసంచి. నా గది గుమ్మంలో నిలబడి, "మీరేనా అమ్మా, మావాడి అక్క?" అన్నాడు.

"ఏ వాడండీ?"

"తలుపు పక్క కుర్చీవాడు." నవ్వాడు. "వాడి పేరు మీదే పెట్టాను రికార్డుకి. చెప్పలేదా మీకు?"

చెప్పలేదన్నాను. కూర్చోమన్నాను. ఆయన కూర్చోలేదు, నా కుర్చీ మాసిపోతుందని.

"ఎప్పుడొచ్చినా తలుపు పక్కనే కూర్చుంటాడమ్మా. ముందుకి రారా అంటే రాడు. దగ్గొస్తే చప్పున బయటికెళ్ళి, మెట్ల మీద దగ్గుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. పాట చెడకూడదని. అంత మర్యాదస్తుణ్ణి నేను చూడలేదు. ఆ రోజు మాత్రం తలుపుకి అడ్డంగా జనం నిలబడ్డారు. బయటికి పోలేకపోయాడు."

"రికార్డులో ఒక్కసారే దగ్గాడండీ," అన్నాను.

మేస్త్రి సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "టేపు మీకు పంపేముందు పరిగెత్తుకొచ్చాడమ్మా. మేస్త్రీ, నా దగ్గులు తీసెయ్యి, మా అక్క చెవిలో పడకూడదు అన్నాడు. మూడు చోట్ల కోయించాను. నాలుగోది తీగ మోగుతుండగా పడింది. అది కోస్తే తీగా తెగుతుంది. చిన్నదే కదా, ఎవరు వింటారులే అనుకుని వాడికి అన్నీ తీసేశానని చెప్పాను."

"స్టోర్సులో కూర్చునేవాడికి అంత దగ్గేమిటండీ?"

"స్టోర్సు ఎక్కడమ్మా? కోత మిషన్ మీదే కదా ఉంటాడు. నా దగ్గరికి వచ్చేటప్పుడు కనురెప్పల మీద కూడా తెల్లగానే..." అని ఆగిపోయాడు. నా మొహం చూసి ఉంటాడు. ఆయన మీద కోప్పడకు. నీ గుట్టు ఆయన బయటపెట్టలేదు, నేను లాగాను.

అంటే మారలేదన్నమాట. మారినట్టు ఏడాదిగా రాస్తున్నావన్నమాట. స్టోర్సులో ఫ్యాను బాగా తిరుగుతుందని, గుమాస్తా ముసలాయన నిద్రపోతూ గురక పెడతాడని, ఎంత ముచ్చటగా రాశావు. ఆ గురక గురించి అమ్మకి చదివి వినిపించి ఎన్నిసార్లు నవ్వామో. నువ్వు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టగలను అనుకునేదాన్ని. నా ముందరే ఇంత కథ అల్లావు.

ఎందుకు అల్లావో తెలుసు. షెడ్డులో జీతం ఎక్కువ, అక్కడ నీ చేతి పనికి పేరుంది, మధ్యలో వదిలేస్తే ఫోర్‌మన్ మళ్ళీ రానివ్వడు. ఇవన్నీ నాన్న కూడా అనేవారు. చివరి నెలల్లో కూడా, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయే రోజుల్లో కూడా, వర్షాలు తగ్గితే పనికి వెళ్తానన్నారు. నీకు పని పోతుందని భయం. నాకు నీ ఊపిరి పోతుందని భయం. రెండు భయాల్లో నాదే పెద్దది, ఎందుకంటే నేను పెద్దదాన్ని.

ఇప్పుడు నేను చెప్పకుండా దాస్తున్నది ఒకటి చెప్పాలి. మీ బావకి కూడా ఇది మొత్తం తెలియదు.

మేస్త్రి రాకముందు, నా సెలవు రోజు మధ్యాహ్నం, ఆ కాపీ ఇంటికి తెచ్చాను. హెడ్‌ఫోన్లలో తప్పు విన్నానేమో, నాన్న పాత గ్రామఫోను పెట్టె మీద వేసి మామూలుగా విందామని. చిట్టి బడికి వెళ్ళింది. అమ్మ వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది. గింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. ఆ నిదానం పాట వచ్చింది. తీగ మోగింది. దగ్గు వచ్చింది.

గిన్నెలో గింజల చప్పుడు ఆగిపోయింది.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. గుప్పిట్లో తొక్కలు అలాగే ఉన్నాయి. కోపం లేదు, ఏడుపు లేదు. చాలాకాలానికి ఎవరో ఇంటికొస్తే ఉండే మొహం.

"మీ నాన్నది ఎక్కడ దొరికిందే?" అంది.

నీది అని చెప్పడానికి నోరు తెరిచాను చిన్నా. నాకు వచ్చింది ఒక్క అబద్ధమే. "ఫ్యాక్టరీలో పాత టేపుల్లో దొరికిందమ్మా," అన్నాను.

"ఇంకోసారి వెయ్యి," అంది.

వేశాను. అమ్మ కుర్చీ పెట్టె దగ్గరికి లాక్కుని తల పక్కకి వంచి వింది. పాటంతా ఆమెకి అక్కర్లేదు. దగ్గు అయ్యి, "ఏం లేదు, ఏం లేదు" అన్న మాట రాగానే, పెట్టెతోనే అంది, "ఏం లేకపోవడమేమిటి, లేచి కాసిని నీళ్ళు తాగండి."

ఆ రోజునుంచి ప్రతి మధ్యాహ్నం అడుగుతోంది. నేను ఫ్యాక్టరీలో ఉంటే, చిట్టి బడినుంచి రాగానే దానితో వేయించుకుంటోంది. పక్కింటావిడకి కూడా వినిపించింది. "ఈయన పోయి ఇన్నేళ్ళయినా దగ్గు మారలేదు చూడండి," అని చెప్పిందట. ఆవిడ నవ్వలేక, ఊరుకోలేక వెళ్ళిపోయింది. కన్నతల్లికి కూడా తేడా తెలియనంతగా కలిసిపోయింది, ఆయన దగ్గూ నీ దగ్గూ. నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే. నిజం చెప్తే అమ్మ ఏమైపోతుందో తెలియదు. చెప్పకపోతే, కొడుకు జబ్బుని మొగుడి జ్ఞాపకం అనుకుని రోజూ మురిసిపోతుంటుంది, నేను ముల్లు వేస్తూ కూర్చుంటాను. నువ్వు ఒక అబద్ధం చెప్పావు, దాని పక్కన నేనొకటి చెప్పాను. ఈ ఇంట్లో అబద్ధాలకి ఇంతకంటే చోటు లేదు.

అందుకని ఇక వినడం ఆపి, చెయ్యాల్సింది చేస్తున్నాను. మేస్త్రి వెళ్ళేముందు కోత మాస్టరు, కావాలంటే ఆ దగ్గుని బాగా కిందికి దించుతానన్నారు, తీగకి దెబ్బ తగలకుండా. ఆయన చేతికి అది పెద్ద పని కాదు. మేస్త్రి కూడా, "మీ ఇష్టం అమ్మా, మీకు బాధగా ఉంటే తీసెయ్యండి," అన్నాడు. నేను వద్దన్నాను. రికార్డులోంచి దగ్గు తియ్యడం మాకు వచ్చు. నీ ఛాతీలోంచి తియ్యడం మాకెవరికీ రాదు. మాకు వినబడకుండా చేసుకున్నంత మాత్రాన అది నీకు లేకుండా పోదు. కార్డు మీద సరేనని రాసి ఇచ్చేశాను. ప్రెస్సు నడుస్తోంది.

కాబట్టి నువ్వడిగినదానికి జవాబు: నాలుగోది తప్పకుండా కొనండి. నీ గదిలో ముగ్గురినీ కూర్చోబెట్టి రెండోవైపు వెయ్యి. ఆ ఖాళీ వచ్చినప్పుడు రికార్డు వంక చూడకు, వాళ్ళ మొహాల వంక చూడు. వాళ్ళూ అదే షెడ్డులో ఉన్నారు కదా. వాళ్ళ అక్కలెవరూ రికార్డుల ఫ్యాక్టరీలో పనిచెయ్యకపోవచ్చు.

శనివారం ఉదయం బస్సుకి వస్తున్నాను. సెలవు పెట్టేశాను. మీ బావ, అమ్మనీ చిట్టినీ చూసుకుంటానన్నారు. మీ పట్టణంలో ఛాతీ డాక్టరు ఎక్కడ ఉంటాడో మేస్త్రి కనుక్కుని, మనం వస్తామని చెప్పి ఉంచుతానన్నాడు. ఎక్స్‌రే తీయిద్దాం. నీ ముగ్గురు స్నేహితులూ వస్తామంటే తీసుకురా. ఫోర్‌మన్‌తో నువ్వు మాట్లాడలేకపోతే నేను మాట్లాడతాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా రానివ్వడం మన ఇంట్లో ఒకసారి చూశాం. అది ఇంకా గోటి దగ్గరే ఉందో, గొడ్డలి దగ్గరికి వచ్చేసిందో నాకు తెలియదు. ఆ తెలియకపోవడంతోనే నాకు ముద్ద దిగడం లేదు. డాక్టరు ఏం చెప్పినా నాతో ఇంటికి వస్తున్నావు. మా దగ్గర రికార్డులు అట్టల్లో పెట్టే చోట మనిషి కావాలంటున్నారు. అక్కడ దుమ్ము ఉండనివ్వరు. మనుషుల కోసం కాదు, రికార్డుల కోసం. అయినా సరే, పీల్చేది నువ్వే కదా.

అమ్మకి నేనేమీ చెప్పలేదు. నువ్వు వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాక ఇద్దరం కలిసి చెబుదాం. అప్పటిదాకా ఆ మధ్యాహ్నాలు ఆమెవే.

చివరగా, పందెం సంగతి. నీ చప్పట్లు పట్టుకోలేకపోయాను. ఎన్నిసార్లు విన్నా దొరకలేదు. నా చెవులకి వయసొచ్చిందేమోనని మేస్త్రిని అడిగాను. ఆయన గుమ్మం దాటినవాడల్లా వెనక్కి తిరిగి చెప్పాడు. నువ్వు అక్కడ ఎప్పుడూ చప్పట్లు కొట్టవట. పాట మొదలైనప్పటినుంచి అయిపోయేదాకా, అందరూ చప్పట్లు కొడుతున్నప్పుడు కూడా, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకునే ఉంటావట.

శనివారం నేను వచ్చి నీ గదిలో కూర్చుంటాను. నా ముందు ఆ చేతులు కిందికి దించి కూర్చో.

ఇట్లు,
నీ ఉత్తరాలు నమ్మిన, నీ దగ్గు విన్న,
అక్క